ఊగిసలాట

మా తాతగారి తరంలో కాస్త కలిగినవారి ఇళ్ళ ముందు విల్లుబండి ఉండేది. మామూలు ఎడ్లబండిలో ఇరుసు మీద చట్రం నేరుగా కూర్చుంటుంది. విల్లుబండిలో ఆ రెంటి నడుమ వంచిన ఉక్కుపట్టీలు ఉంటాయి. గతుకుల దారిలో ముసలివాళ్ళనూ, పురిటికి పుట్టింటికి వెళ్ళే ఆడపడుచులనూ నడుము నొప్పి తెలియకుండా చేర్చిన బండి అది. ఆ పట్టీల వంపు చూసి దానికి విల్లు అని పేరు పెట్టినవాడు చూపున్న మనిషి. తరువాత లారీలు వచ్చాయి, బస్సులు వచ్చాయి. విజయవాడ ఆటోనగర్‌లో అదే పట్టీల కట్టను కమాను అంటారు. పారశీకంలో కమాను అన్నా విల్లే. ఎడ్లు తోలినవారికీ, ఇంజను తోలినవారికీ ఒకే పోలిక తట్టడం నాకు ఎప్పుడు తలచుకున్నా ముచ్చటగా ఉంటుంది.

అయితే విల్లుకు జోడుగా పనిచేసే రెండో వస్తువుకు మాత్రం మనం పేరు పెట్టుకోలేదు. ఆ రోజుల్లో దాని అవసరం పడలేదు. కట్టలోని ఒక పట్టీ మీద మరొక పట్టీ రాసుకునే రాపిడే ఊపును చాలామటుకు తగ్గిస్తుంది. ఎద్దు నడకకు అంతకు మించిన ఏర్పాటు అక్కరలేదు. చుట్ట స్ప్రింగులు వచ్చి, వేగం పెరిగాక అవసరం పడింది గాని, అప్పటికి పేరు ఇంగ్లీషులో తయారై వచ్చింది. షాక్ అబ్జార్బరు. మన మెకానిక్కుల నోట అది షాకబ్జరు అయింది.

నిజం చెప్పాలంటే ఆ ఇంగ్లీషు పేరే సరైనది కాదు. గతుకు మీద చక్రం పైకి తన్నినప్పుడు ఆ దెబ్బను మింగేది స్ప్రింగు. మింగినదాన్ని అది తనలో ఉంచుకోదు, తిరిగి కక్కుతుంది. కక్కి, మళ్ళీ మింగి, మళ్ళీ కక్కి, ఒక్క గతుక్కి నాలుగైదుసార్లు బండిని ఊపుతుంది. ఆ ఊపును అణచడమే ఈ గొట్టం పని. గొట్టం నిండా నూనె. ఆ నూనెలో సన్నని రంధ్రాలూ, పలుచని రేకుల కవాటాలూ ఉన్న పిస్టను. నూనె ఆ ఇరుకు సందుల గుండా దూరవలసి వచ్చినప్పుడు కదలికలోని శక్తి వేడిగా మారి, గొట్టం గోడల నుంచి గాలిలోకి పోతుంది. అవరుద్ధ డోలనాలు అని ఇంటర్మీడియట్‌లో చదువుకున్నాం కదా, ఆ పాఠానికి ఇనుముతోనూ నూనెతోనూ చేసిన రూపం ఇది. ఇంగ్లండువారు దీన్ని డాంపరు అంటారు. నాకు ఆ మాటే నిజాయితీగా తోస్తుంది.

ఇలాంటి నాలుగు గొట్టాల గురించి ఇంతగా ఆలోచించవలసిన అవసరం ఈ వేసవిలో నాకు కలిగింది.

మేము ఉండేది అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ నగరానికి వాయవ్యంగా ఉన్న నోవై అనే ఊళ్ళో. మా ఇంట్లో 1998 నాటి బి.ఎం.డబ్ల్యూ. జెడ్-3 ఒకటి ఉంది. రెండే సీట్లు, మడిచి వెనక్కి తోసేసే గుడ్డ పైకప్పు, 1.9 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజను, చేత్తో మార్చుకునే గేర్లు. పేరు జర్మనులదే గాని పుట్టుక దక్షిణ కరొలైనాలో, స్పార్టన్‌బర్గ్ దగ్గరి కర్మాగారంలో. 1995లో వచ్చిన జేమ్స్ బాండ్ చిత్రం ‘గోల్డెన్ ఐ’లో కనబడి పేరు తెచ్చుకున్న కారు ఇది. 2002లో దీని తయారీ ఆగిపోయింది. నేను 2009లో కొన్నప్పుడు 61,000 మైళ్ళు తిరిగి ఉంది. ఈ వేసవికి 1,32,000. ఇప్పటి లెక్కల్లో ఇదేమీ మహావేగం గల కారు కాదు. మా పక్కవీధి కుర్రవాడి విద్యుత్ కారు దీన్ని నిద్రలో దాటిపోగలదు. కానీ ముందు చక్రానికీ వెనుక చక్రానికీ నడుమ 8 అడుగుల దూరమే ఉన్న ఈ చిన్న బండిలో, దాదాపు వెనుక ఇరుసు మీదనే కూర్చుని, మలుపు తిరుగుతుంటే కలిగే ఆనందం వేరు. ఎక్కినవారికి చెప్పనక్కరలేదు, ఎక్కనివారికి చెప్పి ఒప్పించలేను.

మా అమ్మాయి గేర్లు మార్చడం ఈ కారులోనే నేర్చుకుంది. ఆన్ ఆర్బర్‌లో చదువుతోంది. రెండేళ్ళు అక్కడే వేసవి పనులు కూడా చేసుకుని, ఈసారి మే నెలలో ఇంటికి వచ్చింది. వచ్చిన మర్నాడు కొత్తిమీర, కరివేపాకు తెస్తానని జెడ్-3 తీసుకుని వెళ్ళి, తిరిగివచ్చి, తాళాలు బల్ల మీద పెడుతూ అడిగింది.

“నాన్నా, ఈ కారు ఎప్పటినుంచి ఇలా పడవలా ఊగుతోంది?”

నాకు ఊగుతున్నట్టు తెలియదు. వారానికి రెండుమూడుసార్లు నడుపుతాను, నాకు తెలియదు. ఆ రాత్రి ఆ మాట నన్ను వదలలేదు. షాక్ ఒక్కరోజులో చెడిపోదు. సీలు నుంచి నూనె చెమటలా ఊరుతుంది, ఉన్న నూనె వేడికి పలుచబడుతుంది, కవాటాల రేకులు అలసిపోతాయి. ప్రతి వెయ్యి మైళ్ళకూ ఆవగింజంత నష్టం. దానికి తగ్గట్టు నడిపేవాడి చేతులూ నడుమూ కూడా ఆవగింజంత సర్దుకుంటాయి. గతుకు రాకముందే కాలు తనంతట తాను బ్రేకు మీదికి పోతుంది. మలుపులో స్టీరింగు అర క్షణం ముందే తిప్పడం అలవాటవుతుంది. కారు నడక మారిన సంగతిని మన ఒళ్ళే మన నుంచి దాచేస్తుంది. రెండేళ్ళు దూరంగా ఉన్న పిల్ల ఒంటికి ఆ సర్దుబాటు లేదు. ఆమెకు గుర్తున్న కారు వేరు, ఎక్కిన కారు వేరు.

జూన్ మొదటివారంలో ఒక సాయంత్రం ఆన్ ఆర్బర్ నుంచి ఇద్దరం తిరిగి వస్తున్నాం. వాన. నడుపుతున్నది అమ్మాయి. ఎమ్-14 రహదారి నుంచి 275 మీదికి ఎక్కే వంపులో, రెండు కాంక్రీటు పలకల అతుకు కాస్త ఎత్తుగా లేచి ఉంది. వెనుక చక్రం ఆ అతుకు మీద ఒకసారి ఎగిరింది. దిగింది. మళ్ళీ ఎగిరింది. ఆ రెండో ఎగురుకు రోడ్డు కారణం కాదు. గాలిలో ఉన్న చక్రానికి నేల మీద పట్టు ఉండదు కదా, ఆ తడిలో కారు వెనుకభాగం జానెడు పక్కకు జారింది. అమ్మాయి కంగారుపడి ఆక్సిలరేటరు మీద కాలు ఎత్తెయ్యలేదు. ఎత్తేస్తే బరువంతా ముందుకు వాలి వెనుక చక్రాలు మరింత తేలికపడతాయి. స్టీరింగును జారిన వైపుకే కాస్త తిప్పి, కారును నిలబెట్టుకుంది. అంతా కలిపి ఒకటిన్నర క్షణం. ఆపైన ఇల్లు చేరేదాకా ఇద్దరం ఒక్క మాట మాట్లాడలేదు.

భోజనాల దగ్గర సంగతి విన్న నా భార్య, పెరుగుగిన్నె మీద మూత పెడుతూ, “అమ్మేయండి” అంది. అంతే.

అమ్మితే వచ్చేది నాలుగైదు వేల డాలర్లు. ఒక మరమ్మతుశాలలో అడిగితే నాలుగు గొట్టాలూ మార్చడానికి 2,100 చెప్పారు. “కారు ధరలో సగం దాని కాళ్ళకే పెడతారా?” అని ఆమె ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. పాత కార్ల మీద ప్రేమ ఉన్నవాళ్ళెవరూ లెక్క సరిగా కట్టరని నా అనుభవం. సరిగా కడితే ఆ ప్రేమ నిలవదు. కానీ ఈ లెక్కలో మరో అంకె ఉంది. ఉన్నది ఉన్నట్టు అమ్మితే, ఈ కారు కొనేది ఎవరో ఇరవయ్యేళ్ళ కుర్రవాడో కుర్రదో అవుతుంది. చవకలో వచ్చే రెండు సీట్ల కారు వాళ్ళకే కావాలి. వానలో ఆ వంపు దగ్గర అప్పుడు ఉండేది మరొకరి బిడ్డ. ఉంచుకున్నా బాగు చేయాలి, అమ్మినా బాగు చేసే అమ్మాలి. ఈ మాట చెప్పినప్పుడు ఆమె కాసేపు ఊరకుంది. “సరే, ముందు బాగు చేయండి. అమ్మే సంగతి తరువాత” అంది.

మా పక్కింట్లో ఒక పెద్దాయన ఉన్నారు. ఒక కార్ల కంపెనీ ప్రయోగశాలలో ముప్ఫయ్యేళ్ళు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. పనిచేసినన్నాళ్ళూ ఆయన వృత్తి కార్ల ఊపు కొలవడమే. కారు మూలను చేత్తో అదిమి, వదిలి, ఎన్నిసార్లు ఊగుతుందో లెక్కపెట్టే పరీక్ష అందరికీ తెలిసినదే. ఆయన నవ్వేశారు. మరీ చచ్చిన షాక్ అయితే ఆ పరీక్షలో దొరుకుతుంది గాని, సగం చచ్చినది దొరకదట. కారు దేహం సెకనుకు ఒకటీ ఒకటిన్నర సార్లు ఊగుతుంది. ఆ ఊపు మన చేతికి అందుతుంది. చక్రం మాత్రం దాని కింద సెకనుకు పది పన్నెండుసార్లు కొట్టుకుంటుంది. ఆ కొట్టుకోవడాన్ని ఏ చెయ్యీ పుట్టించలేదు. అందుకని ఆయన బానెట్టు వదిలి టైరు దగ్గర కూర్చున్నారు. వెనుక ఎడమ టైరు అంచు వెంట అరచేత్తో రాయమన్నారు. రాశాను. రబ్బరు చుట్టూ బొటనవేలి వెడల్పున ఒక మిట్ట, ఒక పల్లం, మళ్ళీ మిట్ట, మళ్ళీ పల్లం. చక్రం నేలను ఆనుకుని దొర్లకుండా, గెంతుతూ పోయిన అడుగుజాడలవి. లోపల టార్చి వేసి చూస్తే షాక్ ఒళ్ళంతా నూనె తడి, దాని మీద దుమ్ము పేరుకుని నల్లని పొలుసు.

ఇక్కడ షాకుకూ స్ట్రట్‌కూ తేడా చెప్పుకోవాలి. ఈ కారుకు వెనుక ఉన్నవి షాకులు. వాటి పని ఊపు అణచడం ఒక్కటే. స్ప్రింగు వేరే చోట కూర్చుని బరువు మోస్తుంది, చక్రాన్ని పట్టుకోవడానికి వేరే చెయ్యి ఉంది. ముందున్న స్ట్రట్ సంగతి అలా కాదు. అది ఊపును అణచాలి, స్ప్రింగును భుజాన మోయాలి, చక్రాన్ని నిలువుగా నిలబెట్టాలి, స్టీరింగు తిప్పినప్పుడల్లా చక్రంతోపాటు తానూ తిరగాలి. పూరింటికి నిట్రాడు ఎలాగో చక్రానికి అది అలాగ. స్ట్రట్ మార్చాక చక్రాల వాలు మళ్ళీ కొలిచి సరిచేయించాలనడం అందుకే.

ఈ ఏర్పాటు మా ఊరివారి బుర్రలో పుట్టినదే. ఎర్ల్ మాక్‌ఫర్సన్ అనే ఇంజనీరు, రెండో ప్రపంచయుద్ధం ముగిసిన రోజుల్లో, జనరల్ మోటార్స్‌లో షెవ్రొలే కాడెట్ అనే చవక చిన్న కారు కోసం దీన్ని ఆలోచించాడు. 1947లో ఆ కారును కంపెనీ విరమించుకుంది. మాక్‌ఫర్సన్ తన ఆలోచన మూట కట్టుకుని అదే ఊళ్ళోని ఫోర్డుకు మారాడు. 1950లో లండన్ మోటారు ప్రదర్శనలో చూపిన ఇంగ్లండు ఫోర్డు కార్లు, కాన్సల్, జెఫైర్, ఈ స్ట్రట్లతో వచ్చాయి. నాలుగైదు భాగాలు చేసే పనిని ఒక్క గొట్టంతో చేయించడం కర్మాగారానికి లాభం, ఇంజనుకు చోటు మిగలడం మరో లాభం. చవక కారు కోసం పుట్టినది పోర్షే 911 ముందుచక్రాల దాకా ఎక్కి కూర్చుంది. పెద్దాయన ఈ కథ చెప్పేటప్పుడు కాడెట్‌ను తలచుకుని నిట్టూరుస్తారు, పుట్టకుండా పోయిన మేనల్లుడి గురించి చెప్పినట్టు.

ఏ గొట్టాలు కొనాలన్నది ఒక వారం చర్చ. గట్టిగా ఉండే స్పోర్ట్స్ రకాలు బోలెడు ఉన్నాయి. చాలామంది యువకులు అవే కొంటారు. ఒళ్ళు హూనమైతే స్పోర్ట్స్ కారు నడిపినట్టు లెక్క. నాకు ఆ మోజు లేదు. ఊపు అణచడం తక్కువైతే చక్రం గెంతుతుంది, అవసరానికి మించితే చక్రం పల్లంలోకి సమయానికి దిగలేక వేలాడుతుంది. రెండూ నేల విడిచిన చక్రాలే. మా మిషిగన్ రోడ్లకు రెండోది కూడా మంచిది కాదు. అందుకని మొదట ఉన్న రకానికి దగ్గరగా ఉండే సాక్స్ వారివి తెప్పించాను. రెండు స్ట్రట్లు, రెండు షాకులు, వాటి పై కుదుళ్ళు, లోపల పొడిచే రబ్బరు ఆపులు, దుమ్ము తొడుగులు, కొత్త నట్లు కలిపి 690 డాలర్లు. మిగిలినది కూలి. ఆ కూలి నేనూ మా అమ్మాయీ.

రోడ్ల మాట వచ్చింది గనుక ఒకటి చెప్పాలి. ఇక్కడ చలికాలంలో నీరు రోడ్డు పగుళ్ళలోకి దిగి గడ్డకడుతుంది. నీరు మంచు అయితే నూటికి తొమ్మిది వంతుల దాకా పెరుగుతుంది, రోడ్డును లోపలి నుంచి పెకలిస్తుంది. ఎండ వస్తే కరుగుతుంది, మళ్ళీ రాత్రికి గడ్డ. మార్చి వచ్చేసరికి రోడ్డంతా గోతులు. ఆ మంచు కట్టకుండా ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు కూడా మా ఊరిదే. డెట్రాయిట్ నగరం కింద వెయ్యి అడుగులకు పైగా లోతున ఉప్పుగని ఉంది. పైన కార్లు చేసిన ఊరే కింద వాటిని తినే ఉప్పునూ దాచుకుంది! నేను ఈ కారును డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా బయటికి తీయను. అయినా ఒక్కో బోల్టు మీద పాతికేళ్ళ తుప్పు. మూడు రోజుల ముందు నుంచే ప్రతి నట్టు మీదా, తుప్పులోకి దిగే నూనె ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి పోస్తూ వచ్చాను. చూసి మా ఆవిడ, “తులసికోటకు కూడా ఇంత నియమంగా నీళ్ళు పోయలేదు మీరు” అంది.

జులైలో మొదటి శనివారం వెనుక షాకులు. ఇది సులువైన భాగం, త్వరగా చెప్పేస్తాను. జాకీతో ఎత్తి, ఇనుపస్టాండుల మీద కారును నిలిపి (జాకీని నమ్మి కారు కింద దూరినవాళ్ళ కథలు ఇక్కడ చెప్పను), చక్రం విప్పి, డిక్కీలో పరచిన గుడ్డ తొలగిస్తే షాక్ పై కుదురు నట్లు కనబడతాయి. కింద ఒక బోల్టు. షాక్ ఊడదీసే ముందు వెనుక చేతి కింద జాకీ ఆనించి ఉంచాలి. చక్రం ఎంత కిందికి వేలాడవచ్చో హద్దు పెట్టేది కూడా ఆ షాకే. అది పోతే చెయ్యి జారి బ్రేకు గొట్టం లాక్కుపోతుంది. ఎడమ వైపు బోల్టు మొండికేసింది. పానా పిడికి నాలుగడుగుల ఇనుపగొట్టం తొడిగి, ఇద్దరం ఒక్కసారి బరువు వేస్తే, తుపాకి పేలినట్టు చప్పుడు చేసి కదిలింది. విరిగిందనుకున్నాం. విరగలేదు.

కొత్తదాన్ని బిగించేటప్పుడు ఒక సంగతి ఉంది, చాలా చోట్ల తొందరలో వదిలేస్తారు. కింది బోల్టు దూరేది ఉక్కు గొట్టానికి అంటించిన రబ్బరులో. ఆ బోల్టు బిగిస్తే లోపలి గొట్టం కదలదు. అటుపైన కదలిక అంతా రబ్బరు మెలిపడటం వల్లనే. చక్రం గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, కారును నేల మీద దించగానే ఆ రబ్బరు మెలిపడి, ఇక బతికినన్నాళ్ళూ మెలిపడే ఉంటుంది, తొందరగా చిరుగుతుంది. అందుకని చక్రాల కింద మందమైన చెక్కదిమ్మెలు పెట్టి, కారు తన బరువుతో తాను నిలుచున్నాక, నేను బోర్లా పాకి వెళ్ళి చివరి బిగింపు బిగించాను. బరువు మోసే భంగిమలోనే బిగించాలి. మా అమ్మాయి ఈ ముక్క తన నోటుపుస్తకంలో రాసుకుంది.

రెండో శనివారం ముందు స్ట్రట్లు. ఇక్కడ భయం ఉంది.

స్ట్రట్ బయటికి రావడం పెద్ద కష్టం కాదు. పైన బానెట్టు కింద 13 మిల్లీమీటర్ల నట్లు మూడు, కింద చక్రపు పిడికిలికి పట్టి ఉంచే బోల్టులు మూడు. కానీ చేతికి వచ్చేది గొట్టమూ స్ప్రింగూ కలిసిన ఒక్క ముద్ద. స్ప్రింగు ఆ ముద్దలో ఊరికే లేదు, నొక్కబడి ఉంది. పై నట్టు ఒక్కటే దాన్ని ఆపుతోంది. కారు నిలబడినప్పుడు ఒక్కో మూల సుమారు 300 కిలోలు మోసే స్ప్రింగు అది. సరిగా అదుపు చేయకుండా ఆ నట్టు విప్పితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఊహించుకోలేనివాళ్ళ కోసం ఆసుపత్రులున్నాయి.

స్ప్రింగును అదిమిపట్టే సాధనాన్ని ఇక్కడ విడిభాగాల దుకాణాలు ధరావతు తీసుకుని అరువిస్తాయి. ఒకటి తెచ్చాను. పెద్దాయన దాని మరలను గోటితో తడిమి, పక్కన పెట్టేసి, లోపలికి వెళ్ళి తన సొంతది తెచ్చారు. రెండు లావుపాటి మరకడ్డీలు, రెండేసి కొక్కేలు, కొక్కెం జారకుండా అడ్డపుల్లలు. ఆయన ఎడమచేతి చిటికెనవేలికి చివరి కణుపు లేదు. ఇన్నేళ్ళలో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ రోజు సాధనం నా చేతికిస్తూ మాత్రం ఆ చేతినే ముందుకు చాచారు.

స్ట్రట్‌ను బల్ల మీద పడుకోబెట్టి, బిగింపుపట్టీలో పట్టి, రెండు కడ్డీలనూ స్ప్రింగుకు ఎదురెదురుగా తగిలించాం. ఒక వైపే బిగిస్తే స్ప్రింగు అరటిపండులా వంగి జారుతుంది. అటు రెండు చుట్లు, ఇటు రెండు చుట్లు. పానా అమ్మాయి చేతిలో ఉంది. నేను తెలుగులో పైకి లెక్కపెడుతున్నాను. రెండు, నాలుగు, ఆరు. స్ప్రింగు చుట్లు దగ్గరవుతున్నకొద్దీ ఉక్కు ముక్కుతున్న చప్పుడు. పద్నాలుగు దాటాక నా గొంతు నాకే వింతగా వినబడింది.

“నువ్వు పక్కకు రా తల్లీ, మిగతాది నేను తిప్పుతాను” అన్నాను.

“నేను మొదలుపెట్టాను కదా నాన్నా. నువ్వు లెక్క చెప్పు.”

వానలో ఆ వంపు దగ్గర కాలు ఎత్తెయ్యని పిల్లే ఇదీ. లెక్క చెప్పాను. ఇరవై రెండు దగ్గర పెద్దాయన చెయ్యెత్తారు. స్ప్రింగును చేత్తో తిప్పి చూడమన్నారు. తిప్పితే పళ్ళెంలో తిరిగింది. అంటే ఇక పై నట్టు మీద బరువు లేదు. అయినా ముగ్గురం స్ట్రట్‌కు పక్కగా నిలబడ్డాం, దాని చివర చూపే వైపు ఎవరి తలా లేకుండా. అమ్మాయి నట్టు విప్పింది. చివరి మర వదిలినప్పుడు టక్కుమని చిన్న చప్పుడు. అంతే. పై కుదురు కాగితం పువ్వులా చేతిలోకి వచ్చేసింది.

లోపలి సంగతులు చూడాలి. పై కుదురులోని బేరింగు తిప్పితే ఇసుక నమిలినట్టు కరకర. రబ్బరు ఆపు, అంటే స్ట్రట్ పూర్తిగా కుంగినప్పుడు ఇనుముకు ఇనుము తగలకుండా కాపాడవలసిన మెత్త, అమ్మాయి వేళ్ళ మధ్య సున్నుండలా పొడిపొడిగా రాలిపోయింది. ఇక గొట్టం. కడ్డీ మీద అరచెయ్యి పెట్టి అదిమితే మొదటి అంగుళం అసలు ఏ అడ్డూ లేకుండా దిగింది. ఆ అంగుళం మేర నూనె లేదు. దిగినది దిగినట్టే ఉండిపోయింది. కొత్త స్ట్రట్‌కు కట్టిన పట్టీ కోస్తే, లోపలి వాయువు ఒత్తిడికి కడ్డీ తనంతట తాను, నిద్ర లేచి ఒళ్ళు విరుచుకుంటున్నట్టు, నెమ్మదిగా పైకి లేచింది. అమ్మాయి దాన్ని పది పన్నెండుసార్లు అదిమి, లేవనిచ్చి, చూస్తూ కూర్చుంది. నేనూ వద్దనలేదు.

తిరిగి కూర్చడం, రెండో వైపు, చక్రాలు ఎక్కించడం, చీకటి పడేదాకా పట్టింది. సోమవారం చక్రాల వాలు సరిచేయించాం. ముందు చక్రాలు కొద్దిగా బయటికి చూస్తున్నాయట, లోపలికి తిప్పారు.

నడిపి చూస్తే మొదట నాకు తెలిసినది నా చేతుల గురించి. మలుపుకు ముందే తిప్పే అలవాటున్న ఆ చేతులు ఇప్పుడు కారును అవసరానికి మించి లోపలికి లాగుతున్నాయి. గతుకు ముందు బ్రేకు మీదికి పోయే కాలును పనిగట్టుకుని ఆపుకోవలసి వచ్చింది. రెండు వారాలు పట్టింది ఆ సర్దుబాట్లు విప్పుకోవడానికి. గతుకు మీద కారు ఇప్పుడు ఒక్కసారి కదులుతుంది, ఆగుతుంది. అమ్మాయి మాత్రం మొదటి మైలులోనే, “ఆ, ఇదీ మన కారు” అంది.

వాన కోసం ఎదురుచూశాం. ఆగస్టులో ఒక మధ్యాహ్నం మబ్బు కమ్మి కురిసింది. నేను తాళాలు తీసుకునేలోగా మా ఆవిడ చెప్పులు వేసుకుని వచ్చింది. రెండు సీట్ల కారు. ఒక సీటులో అమ్మాయి. నేను గుమ్మంలో ఉండిపోయాను. నలభై నిమిషాలు. అంతసేపు టీవీ చూశానని చెబితే నమ్మకండి. పెద్దాయన తన వరండాలోంచి చెయ్యి ఊపారు. నేనూ ఊపాను.

తిరిగివచ్చి ఆవిడ తల తుడుచుకుంటూ, “అక్కడ రోడ్డు బాగాలేదు. కారు బాగానే ఉంది” అంది. అమ్మే సంగతి ఎత్తలేదు. కాఫీ కలిపి తెచ్చి, కాసేపు కిటికీలోంచి బయట చూసి, అప్పుడు అడిగింది.

“నా కారుకు ఇవి ఎప్పుడు మార్చారు?”

ఆవిడది 2014 నాటి టయోటా క్యామ్రీ. వెళ్ళి మైళ్ళు చూసి వచ్చాను. 1,18,000. కర్మాగారంలో బిగించినవే ఇప్పటికీ ఉన్నాయి. పైగా దానికి నాలుగు మూలలా స్ట్రట్లే, అంటే అదిమిపట్టవలసిన స్ప్రింగులు నాలుగు. సాధనం ఇంకా కొన్నాళ్ళు కావాలని పెద్దాయనకు చెప్పివచ్చాను.